బొమ్మలో మర్యాద, ఇంటిలో మర్యాద

రథసప్తమి వెళ్ళిన తరువాతి ఆదివారం ఆలయ మండపంలో పురాణ ప్రవచనం ముగించి పుస్తకం బట్టలో చుట్టుకొంటుండగా, ఒక యువతి నాలుగేళ్ళ కుమారుణ్ణి చంకనెత్తుకొని దగ్గరకు వచ్చింది. నమస్కరించి, కొంచెం సంకోచించి అడిగింది: “పంతులుగారండీ, మా గుంటడు ఎవలి మాటా ఇనడు. సెల్లు పెడితేగానీ ముద్ద మింగడు. ఎలాగూ సూస్తన్నాడు కదా, మరేద నేర్పే బొమ్మలేవైనా ఉంటే సెప్పండి, అవే పెడతాను.”

నేను వెంటనే సమాధానం చెప్పినాను. బిడ్డ చేతికి ఆ యంత్రం ఇవ్వకపోవడమే మర్యాదకు మొదటి మెట్టు అన్నాను. పక్కనున్న ఇద్దరు ముగ్గురు వృద్ధులు తలలూపినారు. ఆమె మాత్రం తల ఊపలేదు. తాను తెల్లవారకముందే పలాసలో జీడిపప్పు పనికి వెళ్తానని, ఇంటివద్ద అత్తగారికి చూపు ఆనదని, ఫోను లేకపోతే పిల్లవాడు రోడ్డు మీదికి పోతాడని నిదానంగా చెప్పి, తీర్థం పుచ్చుకొని వెళ్ళిపోయింది.

పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు కర్మాగారాలు ఎన్ని ఉన్నవో, అక్కడ పప్పు పొట్టు వలిచేవారు, గుడ్లు బద్దలు ఏరేవారు ఎక్కువమంది స్త్రీలేనన్న సంగతి మన జిల్లావారికి చెప్పనవసరం లేదు. ఆ తల్లికి నేనిచ్చిన జవాబు శాస్త్రానికి సరిపోవచ్చునేమోగాని, ఆమె ఇంటికి సరిపోలేదు. ఆమె అడిగిన ప్రశ్న న్యాయమైనది. బొమ్మల ద్వారా, పుస్తకాల ద్వారా పసిపిల్లలకు మర్యాద నేర్పవచ్చునా? నేర్పగలిగితే అది ఎట్లా జరుగుతుంది? ఆనాడు చెప్పవలసిన సమాధానాన్ని ఆలస్యంగానైనా ఇక్కడ వ్రాస్తున్నాను. ఇంటిలో పసివారున్న ఇతర భక్తులకు కూడా ఉపయోగపడవచ్చును.

ముందు మాటను గురించి ఒక మాట. సంస్కృతంలో మర్యాద అనగా ఎల్ల, పొలిమేర, గట్టు. సముద్రం ఎంత ఉప్పొంగినా చెలియలికట్ట దాటకపోవడం దాని మర్యాద. కళింగపట్నం తీరానో, భీమునిపట్నం తీరానో కాసేపు నిలుచున్నవారికి ఈ అర్థం తేలికగా బోధపడుతుంది. శ్రీరామచంద్రుని మర్యాదాపురుషోత్తముడు అనడంలోని భావమూ అదే. నేను ఎక్కడ ఆగవలెనో, ఎదుటివాని చోటు ఎక్కడ మొదలవుతుందో తెలియడం మర్యాద. వరుసలో ముందున్న వాని వంతు వాని చోటు. మాట్లాడుతున్న వాని మాట వాని చోటు. నిద్రపోతున్న వాని నిద్ర, తింటున్న వాని విస్తరి కూడా అంతే. “నమస్కారం చెప్పు, థాంక్యూ చెప్పు, సారీ చెప్పు” అని పిల్లవాని వీపు తట్టి పలికించే మాటలు ఈ ఎల్ల తెలిసిన తరువాత శోభిస్తాయి. ఎల్ల తెలియకుండా మాట మాత్రమే నేర్చిన పిల్లవాడు తోటివాని పలక లాక్కొని మరీ థాంక్యూ చెప్పుతాడు. చూసినాను.

ఇక బొమ్మలతో, కథలతో బాలురకు బోధించడం ఈనాటి కల్పన కాదు. పంచతంత్రం ఆరంభకథ అందరూ విన్నదే. మహిలారోప్య నగరాన్ని ఏలే అమరశక్తి అనే రాజుకు ముగ్గురు కుమారులు. ముగ్గురికీ చదువంటే విముఖత. వ్యాకరణానికే పన్నెండేళ్ళు పడుతుందని పండితులు లెక్కలు చెప్పుతుండగా, ఎనభై ఏళ్ళ విష్ణుశర్మ ఆరు మాసాలలో వీరికి నీతిశాస్త్రం నేర్పుతానని పూనుకొన్నాడు. కాకులు, నక్కలు, తాబేళ్ళు, ఎలుకలు ఆయనకు పాఠ్యపుస్తకాలైనవి. ఆ కథలు ఆరవ శతాబ్దిలో పారశీక దేశానికి, ఎనిమిదవ శతాబ్దిలో అరబ్బీ భాషలోకి, అక్కడి నుండి ఐరోపా భాషలలోకి వెళ్ళినవి. మన తెలుగులో పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికగా మిత్రలాభ, మిత్రభేదాలను వెలువరించినారు. తరువాతి భాగాలైన సంధి, విగ్రహాలను కందుకూరి వీరేశలింగంగారు వ్రాసినారు.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవలె. విష్ణుశర్మ నేర్పింది నీతి. ఆ నీతి రాజకుమారులకు చెప్పిన లోకనీతి. అందులో మోసాన్ని మోసంతో గెలవడమూ ఉన్నది, మిత్రులను విడగొట్టడమూ ఉన్నది. మిత్రభేదంలో దమనకుడనే నక్క సింహానికి, ఎద్దుకు మధ్య కలహం పెట్టి చివరకు మంత్రిపదవితో సుఖంగా ఉంటుంది. నాలుగేళ్ళ పిల్లవానికి ఆ కథ అట్లాగే చదివి వినిపించి, ప్రాచీన గ్రంథం గనుక మంచే జరుగుతుందనుకోవడం పొరపాటు. ప్రాచీనమైనదంతా పసివారికి పథ్యం కాదు. పాకంలో మందు వలె, వయస్సును బట్టి మోతాదు చూసేవారు ఒకరు కావలె.

మన ప్రాంతానికే వస్తే, శ్రీకూర్మం వెళ్ళిన యాత్రికులు కూర్మనాథుని దర్శించుకొని ప్రదక్షిణ మండపంలో నడుస్తూ గోడల మీది వర్ణచిత్రాలను చూసే ఉంటారు. కొన్ని వెలిసినవి, కొన్ని ఇంకా తేజస్సుతో ఉన్నవి. అక్షరం రాని భక్తునికి అవి పుస్తకం వంటివే. చిన్ననాడు మా పితామహి నన్ను ఆ గోడ వెంట చేయి పట్టుకొని నడిపించి, ప్రతి బొమ్మ దగ్గరా ఆగి, ఇతడెవరు, ఎందుకు చేతులు జోడించి నిలుచున్నాడు, అతని వెనుకనున్నవారు ఎందుకు కూర్చోలేదు అని అడిగేది. నాకు తెలియకపోతే తాను చెప్పేది. ఆ తరువాత ఒక్కడినే ఆ గోడను చూసిన రోజులున్నవి. రంగులు కనిపించినవి గాని గోడ ఏమీ మాట్లాడలేదు. మాట్లాడింది మా నాయనమ్మేనని అప్పుడు తెలిసింది.

సినిమా, టెలివిజన్ రాకముందు మన పల్లెలలో కథను కంటికి చూపినవి తప్పెటగుళ్ళు, జముకుల కథలు, హరికథలు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారు విజయనగరంలో ఉంటూ హరికథకు తెచ్చిన ప్రతిష్ఠ జగమెరిగినదే. ఆయన 1945లో స్వర్గస్థులైనారు గనుక నా తరంవారు ఆయనను వినలేదు. విన్న పెద్దల ముఖాలు మాత్రం చూసినాము. తెలుగునాట తోలుబొమ్మలాట మరొకటి. అందులో రాముడు, సీత, హనుమంతుడు ఎంత ముఖ్యులో కేతిగాడు, బంగారక్క అంత ముఖ్యులు. కేతిగాడు మర్యాద లేని మాట మాట్లాడుతాడు, బంగారక్కతో తగవులాడుతాడు, తన్నులు తింటాడు. పిల్లలు ఎక్కువగా నవ్వేది వారిని చూసే. కార్టూన్లలో పాత్రలు అల్లరి చేస్తున్నవి, వెక్కిరిస్తున్నవి, పిల్లలు చెడిపోతున్నారు అని నేడు అంటున్నవారు కేతిగాణ్ణి మరచిపోయినారు. ఆ ఆట చూసిన తరతరాల పిల్లలు కేతిగాళ్ళు కాలేదు. బాలకృష్ణుని వెన్నదొంగతనం విన్న పిల్లలూ దొంగలు కాలేదు. తల్లి ఒడిలో కూర్చొని విన్నారు. తల్లి నవ్వినచోట నవ్వినారు, ఆమె ‘అమ్మో, తప్పు కదూ’ అన్నచోట ఆగినారు. యశోద రోటికి కట్టిందన్న సంగతి కూడా ఆమే చెప్పింది.

ముద్రణ వచ్చిన తరువాత ఈ పని చందమామ చేసింది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించిన ఆ మాసపత్రికను మా ఇంట తపాలా బంట్రోతు తెచ్చిన రోజు పండుగ. దాని ముఖచిత్రాలు ఎన్నో ఏళ్ళ పాటు వేసిన వడ్డాది పాపయ్యగారు 1921లో మన శ్రీకాకుళంలోనే పుట్టినవారని చెప్పుకోవడం నాకు ఇష్టం. క్రింద మూలన ‘వ.పా.’ అన్న రెండక్షరాలు వెతికి పట్టుకోవడం మాకొక పందెం. లోపల శంకర్ గారి బొమ్మలో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని నడుస్తుంటాడు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేసినచోట మా నాన్నగారు పుస్తకం మూసేవారు. సమాధానం మేము చెప్పవలె. ఆరుగురు పిల్లలము. వారు పెట్టిన నియమం ఒకటే: అందరికంటె చిన్నవాడు ముందు చెప్పవలె, వాడు చెప్పేదాకా పెద్దవారు నోరు మెదపరాదు. మా చిట్టితమ్ముడు అసందర్భంగా ఏదో అనేవాడు, మాకు నవ్వు పొంగుకొచ్చేది. నవ్వరాదు. ఒకరి మాట పూర్తయ్యేదాకా వినడమనే మర్యాద ఆ ఇంటిలో ఆ విధంగా వచ్చింది. చందమామలో అది అచ్చుకాలేదు. చందమామ చదివే తీరులో ఉన్నది. ఆ పత్రిక ముద్రణ ఆగి దశాబ్దం దాటింది. ఆ తీరు మాత్రం ఏ పుస్తకంతోనైనా పాటించవచ్చును.

ఇప్పుడు కదిలే బొమ్మల సంగతి. నేను వాటికి శత్రువును కాను. మా మనుమలతో కూర్చొని కొన్ని చూసినాను. మన హైదరాబాదులోనే రాజీవ్ చిలకగారి గ్రీన్ గోల్డ్ సంస్థ తయారు చేసి 2008 నుండి ప్రసారమైన ఛోటా భీమ్ దేశమంతటా పిల్లల నోట ఉన్నది. మహాభారతంలోని భీమసేనునికి, ధోలక్‌పురం బాలునికి పేరు, బలము, భోజనప్రీతి తప్ప పోలిక లేదని పెద్దలు గ్రహించవలె. అది చూసి పిల్లవానికి భారతం వచ్చిందనుకోరాదు. అందులో మెచ్చదగినది కలదు. భీముడు తన బలాన్ని తనకంటె బలహీనుల మీద చూపడు, స్నేహితులను విడువడు. ఆలోచించవలసినదీ కలదు. చాలా కథలలో చిక్కు చివరకు ముష్టిఘాతంతో తీరుతుంది. లడ్డూ తింటే బలం వస్తుందన్న నమ్మకంతో మన ఆలయంలోనే ఒక బాలుడు ప్రసాదం పంచే వారి వద్ద రెండవ లడ్డూకు చేయి చాపినాడు. అందరమూ నవ్వినాము. వాని తండ్రి కోపగించుకోకుండా, “భీముడు చుట్కీకి పెట్టకుండా తింటాడా?” అని అడిగినాడు. పిల్లవాడు ఒక్క క్షణం ఆలోచించి లడ్డూ విరిచి చెల్లెలికి ఇచ్చినాడు. ఆ తండ్రి ఆ కార్టూన్ చూసి ఉండకపోతే ఆ ప్రశ్న అడగగలిగేవాడు కాడు.

పాశ్చాత్యులు కూడా ఈ రహస్యం గ్రహించినారు. అమెరికాలో 1969లో మొదలైన సెసమీ స్ట్రీట్ అనే పిల్లల కార్యక్రమంలో పెద్దలకు మాత్రమే అర్థమయ్యే హాస్యం కావాలనే చేర్చేవారట. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చొని చూడవలెనని వారి ఉద్దేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట మరింత స్పష్టం. రెండేళ్ళు నిండని పిల్లలకు తెర చూపడం మంచిది కాదు; రెండు నుండి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించరాదు, తగ్గితే మరీ మంచిది. పిల్లలు కూర్చొని ఉన్న సమయంలో పెద్దవారు వారితో కలిసి పుస్తకం చదవడం, కథ చెప్పడం మేలని కూడా అందులోనే ఉన్నది. మన నాయనమ్మలు సంస్థ ఏదీ చెప్పకుండానే చేసిన పని అది.

ఇంతవరకు వ్రాసి, నా ఇంటి విషయం దాచడం న్యాయం కాదు.

గత వేసవిలో ఆరేళ్ళ మనుమడు విశాఖపట్నం నుండి వచ్చి మా వద్ద నెల రోజులున్నాడు. మా ఇంటికి నలభై ఏళ్ళుగా సైకిలు మీద అరటి ఆకులు, కొబ్బరికాయలు తెచ్చి ఇచ్చే వృద్ధుడు ఒకరున్నారు. వయస్సులో నాకంటె రెండేళ్ళు పెద్ద. ఒక ఉదయం ఆయన గుమ్మంలోకి రాగానే, అరుగు మీద కూర్చున్న నా మనుమడు కాలు ఊపుతూ, “ఒరే, ఆకులు అక్కడ పెట్టు” అన్నాడు. లోపలి నుండి మా కోడలు పరుగున వచ్చింది. “ఆ ఫోనులో చూసే బొమ్మల వల్లనే మామయ్యగారూ, వీడికి ఈ మాటలు వస్తున్నాయి” అన్నది. నేనూ అంతే అనుకొన్నాను. ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేసినాను. పిల్లవానికి పెద్దలను గౌరవించడం గురించి కొంతసేపు ఉపన్యసించినాను కూడా. వాడు ఏడుస్తూ అన్నాడు: “తాతగారు రోజూ అలాగే అంటారు కదా.”

ఇంటిలో ఎవరూ మాట్లాడలేదు. ఆకులు తెచ్చిన పెద్దమనిషి మాత్రం నవ్వి, “సిన్నబాబు కదండీ, ఒగ్గేయండి” అన్నారు.

నేను చదువుకొన్నది సంప్రదాయ సంస్కృత విద్య. అమరకోశం ఆరేళ్ళకే కంఠస్థం. తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దైవంగా చూడమన్న ఉపనిషద్వాక్యం మీద ఎన్ని వేదికలెక్కి మాట్లాడినానో లెక్క లేదు. నలభై ఏళ్ళుగా నాకు నిత్యపూజకు ఆకులు, కాయలు తెచ్చిన మనిషిని నేను ఏమని పిలుస్తున్నానో నా చెవికి ఒక్కనాడూ వినబడలేదు. నా మనుమడి చెవికి మూడు రోజులలో వినబడింది. ఈ వ్యాసంలో ‘ఆయన’ అని వ్రాయడానికి సైతం నా కలం మొదట కొంచెం ఆగింది. అలవాటు అంత లోతుకు దిగుతుంది. కొత్త కుండ మీద పడిన గీత చెరగదని హితోపదేశకారుడు ఏ ఉద్దేశంతో కథలు మొదలుపెట్టినాడో అప్పుడు తెలిసింది. ఆ గీత గీసేది ఎప్పుడూ పుస్తకమే కానక్కరలేదు.

మరునాడు ఆయన వచ్చినప్పుడు, “రావయ్యా, కూర్చో, ఎండలో వచ్చినావు, మజ్జిగ పుచ్చుకో” అన్నాను. ఆయన సైకిలు స్టాండు వేయడం మరచి నా ముఖం వంక చూసి, “ఏటి బాబుగారూ, ఒంట్లో బాగునేదా?” అని అడిగినారు. మజ్జిగ గ్లాసు మనుమడు రెండు చేతులతో తెచ్చి ఇచ్చినాడు. ఎవరూ వానికి చెప్పలేదు. ఫోను బీరువాలో నుండి తీసి ఇచ్చివేసినాను.

తల్లిదండ్రులకు ఇక్కడొక హెచ్చరిక చేయవలసి ఉన్నది. తెర మీది పాత్రలు మాట్లాడే తెలుగు చాలావరకు అనువాదపు తెలుగు. అందులో ‘ధన్యవాదాలు, క్షమించండి’ ఉంటాయి గాని మన మర్యాద ఉండదు. తెలుగింట బయలుదేరేవారు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్ళొస్తాను’ అంటారు. బియ్యం అయిపోయినవి అనరు, నిండుకున్నవి అంటారు. దీపం కొండెక్కింది అంటారు. కాలికి పుస్తకం తగిలితే తీసి కళ్ళకద్దుకొంటారు. కూర్చున్న మనిషిని దాటరు. ఇవి ఏ కార్టూన్‌లోనూ రావు. మన జిల్లాలో పరాయివారిని సైతం అప్పా, మావా, తల్లీ, బాబూ అని వరుస కలిపి పిలుస్తారు. ఆ పిలుపులోనే సగం మర్యాద ఉన్నది. శ్రీకాకుళం సీమలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉంటూ సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు వ్రాసి బడులు పెట్టినారు. పిల్లవానికి పాఠం వాని ఇంటి మాటలో ఎక్కుతుందని వారి విశ్వాసం. నేను గ్రాంథికం వైపు చదువుకొన్నవాడిని, గిడుగువారితో పేచీ ఉన్నవారి శిష్యపరంపరలోనివాడిని. అయినా ఒడిలో పిల్లవాడున్నప్పుడు నేనూ గిడుగువారి పక్షమే. కథ చెప్పేటప్పుడు తాబేలు మన యాసలో మాట్లాడితేనే వాడు నమ్ముతాడు.

తాబేలంటే గుర్తు వచ్చింది. పంచతంత్రంలో కంబుగ్రీవుడనే తాబేలు, సంకటము, వికటము అనే రెండు హంసల కథ ఉన్నది. చెరువు ఎండిపోతుండగా హంసలు ఒక కర్రను చెరొక కొన పట్టుకొంటాయి, తాబేలు నడుమ నోటితో కరచి పట్టుకొంటుంది, నోరు తెరవరాదన్నది షరతు. క్రింద పట్టణంలో జనం చూసి కేకలు వేస్తారు. ఆ గోలేమిటని అడగబోయి తాబేలు పడిపోతుంది. మాట్లాడరాని సమయంలో మౌనంగా ఉండడం అనే మర్యాదకు ఇంతకంటె మంచి కథ లేదని అరవై ఏళ్ళుగా చెప్పుతున్నాను. మనుమడు విని అడిగిన ప్రశ్న: “తాతా, కింద అరిచినవాళ్ళది తప్పు కాదా?” నాకు జవాబు తోచలేదు. ఎదుటివాడు ప్రాణాలు బిగబట్టుకొని పోతుంటే క్రింద నిలబడి కేకలు వేయడం అమర్యాద కాక మరేమిటి? ఆ పట్టణంలో పెద్దలెవరూ లేరా? పండితులు వ్రాసిన వ్యాఖ్యానాలలో నాకు ఈ ప్రశ్న కనబడలేదు. పిల్లవాడు ఒంటరిగా ఫోనులో చూసి ఉంటే ఆ ప్రశ్న వానిలోనే మిగిలిపోయేది. మరుక్షణం మరో బొమ్మ వచ్చి ఉండేది.

కాబట్టి పలాస తల్లికి నా సవరించిన సమాధానం ఇది. అమ్మా, పగలంతా నీవు పనిలో ఉన్నప్పుడు వాడు ఏదో చూస్తాడు. దానికి నిన్ను నిందించే అధికారం నాకు లేదు. చూసేవాటిలో నెమ్మదిగా సాగేది, తెలుగులో ఉన్నది, ఒకరినొకరు ఎగతాళి చేసుకోనిది నీవే ముందు ఒకసారి చూసి ఎంచు. ఒకటి అయిపోగానే మరొకటి తనంతట తాను మొదలయ్యే ఏర్పాటు ఫోనులో ఉంటుంది. దానిని ఆపించు, చదువుకొన్న పిల్లలెవరినైనా అడిగితే చేసిపెడతారు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు మాత్రం ఫోను పక్కన పెట్టి, “ఈరోజు బొమ్మలో ఎవరేం చేశారు?” అని ఒక్క ప్రశ్న అడుగు. వాడు చెప్పేది పూర్తిగా విను, మధ్యలో దిద్దవద్దు. పది నిమిషాలు చాలు. అత్తగారికి చూపు లేకపోయినా నోరున్నది, కథ ఉన్నది. పగలు వాణ్ణి ఆమె పక్కన కూర్చోబెట్టు. పుస్తకం కావలెనంటే ఖరీదైనది అక్కరలేదు. 2004లో స్థాపితమైన ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు పెద్ద బొమ్మలతో, పుటకు రెండు మూడు వాక్యాలతో తెలుగులో చిన్న పుస్తకాలు తక్కువ ధరకు వేస్తున్నవి. పుట్టినరోజుకు, శ్రాద్ధానికి ఆలయంలో అన్నదానం చేయించే దాతలు, దానితోపాటు తమ ఊరి అంగన్‌వాడీకి అటువంటి పుస్తకాలు పది కొనిస్తే ఆ పుణ్యం తక్కువేమీ కాదని నా మనవి.

మొన్న వైశాఖంలో ఆ యువతి మళ్ళీ కనిపించింది. శ్రీకూర్మం వెళ్ళి వస్తున్నారట. అక్కడ ఆలయ ప్రాంగణంలో పెంచే నక్షత్ర తాబేళ్ళను చూసి పిల్లవాడు కదలనన్నాడట. నేను హంసలు, తాబేలు బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చినాను. ఐదవ తరగతి వరకే చదివినానని, గబగబా చదవలేనని ఆమె సిగ్గుపడింది. బొమ్మ చూసి నోటికి వచ్చినట్లు చెప్పమన్నాను. పదిహేను రోజుల తరువాత ఆదివారం ప్రవచనానికి ముందే వచ్చి కూర్చున్నది. పిల్లవాడు ఆమె పక్కన, చెప్పులు వరుసలో విడిచి, కూర్చొని ఉన్నాడు. ఎంతసేపో మాత్రం కాదు.

“పంతులుగారండీ, ఒక తప్పు సేసినాను,” అన్నది. “తాబేలు పడిపోనాదంటే ఈడు ఒకటే ఏడుపు. సీకూర్మంలో సూసిందే అది అంటాడు. అందుకని కింద సెరువులో పడిందని, ఈదుకుంటూ పోనాదని సెప్పినాను. మీరిచ్చిన పుస్తకంలో అలాగ నేదు కదా. దోసమా?”

విష్ణుశర్మకు కోపం రాదులే తల్లీ అన్నాను.